సుగాలి స్త్రీల నృత్యము – వ్రాయని చరిత్ర

ఆదవాని దుర్గము చరిత్ర ఈ ప్రాంతమువారికి క్రొత్తది కాదు. విజయనగర ప్రభువుల కాలమున అది పేరు గన్న గిరిదుర్గము. 1568లో బిజాపురము సుల్తాను అలీ ఆదిల్ షా వశమైనది. 1688లో సిద్ది మసూదు చేతినుండి మొగలాయీల కైవసమైనది. పదునెనిమిదవ శతాబ్దమున బసాలత్ జంగు జాగీరునకు ముఖ్యస్థానమై యుండి, 1786లో టిప్పు సుల్తాను ముట్టడికి లోనై, 1800లో దత్తమండలములతో బాటు ఇంగ్లీషు కంపెనీవారికి సంక్రమించినది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లానుండి విడివడి కర్నూలు జిల్లాలో చేరినవి. ఈ సంగతులన్నియు గ్రంథస్థములే. బడిపిల్లలు సైతము వీనిని వల్లింపగలరు.

అయితే కోటను కాచిన సేనకును, కోటను ముట్టడించిన సేనకును తిండిగింజలు మోసి తెచ్చినవా రెవరు? రైలు లేని కాలమున, బండిబాట సైతము సరిగా లేని కాలమున, సముద్రతీరపు టుప్పు ఈ నల్లరేగడి పల్లెలకు చేరిన దెట్లు? రాజుల పేర్లు చెప్పు గ్రంథములు ఈ ప్రశ్నకు ఒకటి రెండు వాక్యములలో సమాధానము చెప్పి ఊరకుండును. ఆ మోతగాండ్ర సంతతివారు నేడును మన పొరుగుననే యున్నారు. పత్తికొండ, తుగ్గలి ప్రాంతముల తండాలలో వసించు సుగాలీలు వారే. వారిని లంబాడీలనియు, బంజారాలనియు అందురు. తమలో తాము ‘గోర్’ అని చెప్పుకొందురు.

వారి భాషకు ప్రత్యేకమైన లిపి లేదు. వంశావళులు చదువు భట్టులు, ఢాడీలు వారికి కలరు గాని, ఇంటి చరిత్రను, తండా చరిత్రను, స్త్రీల సుఖదుఃఖముల చరిత్రను నిలిపినవి స్త్రీల పాటలు. ఆ పాట నిలిచినది నృత్యము వలన. కనుక సుగాలి స్త్రీలు వలయముగా నిలిచి ఆడు ఆట వట్టి వినోదము కాదు. గ్రంథము లేని జనులకు అది గ్రంథము. ఒక గ్రంథాలయము రజతోత్సవము జరుపుకొను తరుణమున ఈ రెండవ రకపు గ్రంథమును గూర్చి కూడ నాలుగు మాటలు తలచుకొనుట ఉచితము.

ఎద్దుల బాటలు

సుగాలీల భాష రాజస్థానీ భాషలకు దగ్గరి చుట్టము. వారి గోత్రములైన రాథోడ్, పమార్, చౌహాన్, జాధవ్ అను పేర్లును ఆ దిక్కునే చూపును. ‘లంబాడి’ అను పేరు ఉప్పు అను నర్థము గల ‘లవణ’ శబ్దమునుండి పుట్టినదని పలువురు పండితుల అభిప్రాయము. ఉప్పు, ధాన్యము ఎద్దులపై వేసికొని దేశదేశములు తిరుగుటయే వారి ప్రధానవృత్తి గనుక ఈ వ్యుత్పత్తి యుక్తముగానే తోచును.

ఆ వర్తకము చిన్నది కాదు. 1632లో పీటరు మండీ యను ఆంగ్లయాత్రికుడు ఉత్తరదేశమున ఒక తండా ఎదురైనప్పుడు అందు 14,000 ఎద్దులు గలవని వ్రాసికొన్నాడు. టావెర్నియే యను ఫ్రెంచి వర్తకుడు ఒక్కొక్క బిడారులో పదివేలు, పండ్రెండువేలు ఎద్దులు నడచుచుండగా చూచినట్లు చెప్పెను. షాజహాను మంత్రి ఆసఫ్ ఖాను 1630 ప్రాంతమున బిజాపురముపై దండెత్తినప్పుడు భంగీ, జంగీ అను రాథోడ్ నాయకులు 1,80,000 ఎద్దులతోను, భగవాన్‌దాసు అను వడ్త్యా నాయకుడు 52,000 ఎద్దులతోను సేన వెంట దక్షిణాపథమునకు వచ్చిరని వారి సంప్రదాయము చెప్పును. సంఖ్యలయందు అతిశయోక్తి యుండవచ్చును. కాని మొగలాయి సేనలు దక్కనులో నడచినంత కాలము వాని ఆకలి తీర్చినవి బంజారా ఎద్దులే యనుటలో అతిశయోక్తి లేదు. తరువాత 1791–92లో కారన్‌వాలిసు దొర శ్రీరంగపట్టణముపై దండెత్తినప్పుడును ధాన్యము చేకూర్చినది వీరే. సేన ఎవరిదైనను గింజ వారిదే. వారు ఎవరి పక్షమునను కత్తి పట్టుట అరుదు గనుక ఇరుపక్షములవారును వారిని రక్షింపవలసి యుండెను.

ఈ ప్రయాణములలో స్త్రీ ఇంట కూర్చున్నది కాదు, ఇల్లే ఆమెతో నడచినది. పసిబిడ్డను నడుమున గట్టుకొని, ఎద్దులను అదలించుచు, చీకటి పడిన చోట పొయ్యి పెట్టుకొని ఆమె వేల మైళ్లు నడచెను. అద్దములు, గవ్వలు, దారపు పనితనము గల పేటియ అను లంగాయు, కాంచళి యను రవికయు, టుక్రి యను మేలిముసుగును ఆ నడకలోనే రూపు దాల్చినవి. అడవిబాటలో ఆ యద్దముల తళుకునకు క్రూరమృగములు బెదరునని వారి వృద్ధస్త్రీలు చెప్పుదురు. జుట్టున వ్రేలాడు వెండి ఘూగ్రీలును, మోచేతికి పైన ధరించు గాజులును వివాహితకు గుర్తులు. అనగా ఆ వేషమును చూచినంతనే ఆ స్త్రీ జీవితములోని ఒక అధ్యాయమును తెలిసికొనవచ్చును. మనము దానిని రంగుల వేషమని మాత్రమే చూచుచున్నాము.

సుగాలీలకు ఆరాధ్యుడైన సేవాలాల్ మహారాజు కూడ ఎద్దుల వర్తకుల కుటుంబమునకు చెందినవాడే. 1739 ఫిబ్రవరి 15వ తేదీ ఆయన జన్మదినముగా పాటింపబడుచున్నది. మనకు పొరుగుననున్న గుత్తి సమీపమునందలి సేవాగఢ్ ఆయన జన్మస్థలమని ఈ ప్రాంతమువారి విశ్వాసము. కర్ణాటకములోని దావణగెరె జిల్లా సూరగొండనకొప్పయు ఆయన పుణ్యక్షేత్రముగా ప్రసిద్ధి వహించినది. ఆయన గాథలు స్త్రీల పాటలలో నేటికిని వినవచ్చుచున్నవి.

రైలు, చట్టము, కరవు

1871వ సంవత్సరము మన ప్రాంతచరిత్రలో గుర్తుంచుకొనదగినది. బొంబాయినుండి వచ్చిన రైలుమార్గమును, మదరాసునుండి ఆదోని మీదుగా పోయిన రైలుమార్గమును ఆ యేట రాయచూరునందు కలిసినవి. ఆదోని పత్తి వ్యాపారమునకు అది శుభారంభమైనది. సుగాలీల వర్తకమునకు మరణశాసనమైనది. వేయి యెద్దులు మాసములకొలది మోయు సరుకును రైలుబండి కొలది దినములలో చేర్చినప్పుడు ఎద్దు ఏమి చేయగలదు?

అదే 1871లో నేరస్థ జాతుల చట్టము పుట్టినది. మొదట అది ఉత్తరదేశమునకు పరిమితమై యుండెను. 1911లో మార్పుచెంది మదరాసు రాజధానికిని విస్తరించినది. సుగాలీలలో పలు గుంపులు ఆ జాబితాలోనికి ఎక్కినవి. నేరము చేసినవానిని శిక్షించుట న్యాయము. పుట్టుకనే నేరముగా నెంచుట ఏ ధర్మశాస్త్రమునకును సమ్మతము కాదు. తరతరములుగా తిరుగుటయే జీవనమైనవారికి తిరుగుటయే తప్పయినది. మదరాసు రాజధానిలో 1947లోను, దేశమంతట 1952 ఆగస్టు 31వ తేదీనను ఆ చట్టము రద్దయినది. చట్టము పోయినను, ఊరివారి చూపునుండి ఆ యనుమానము పోవుటకు మరికొంత కాలము పట్టినది.

ఈ రెండు దెబ్బలకు నడుమ 1876–78 నాటి మహాక్షామము వచ్చినది. నాటి బళ్లారి జిల్లాలో 1871 జనగణనకును 1881 జనగణనకును మధ్య జనసంఖ్య సుమారు అయిదవవంతు తగ్గినది. వర్తకము పోయి, పశువులు చచ్చి, తండాలు కొండల యంచులను, బీళ్ల యంచులను స్థిరపడి, పశుపోషణము, కట్టెల యమ్మకము, మెట్టసేద్యము, కూలిపని ఆశ్రయించినవి.

చరిత్రకారుడు ఇంతవరకు చెప్పి ఆగును. ఎడ్గారు థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటములుగా ప్రకటించిన దక్షిణభారత కులముల గ్రంథములో నాలుగవ సంపుటము లంబాడీలను గూర్చి పెక్కు పుటలు కేటాయించినది. వారి వేషము, వివాహాచారములు, వృత్తులు అందు వర్ణితములు. కాని ఎద్దు పోయిన దినమున ఆ స్త్రీల మనస్సున నేమి కలిగెనో అందు కనరాదు. దానిని వారి పాటలయందు, ఆటలయందు వెదకవలెను.

వలయము

సుగాలి స్త్రీల నృత్యమునకు రంగస్థలము అక్కరలేదు. పదిమంది స్త్రీలు వలయముగా నిలుతురు. ఒకరు పాట నెత్తుకొందురు, తక్కినవారు అందుకొందురు. నడుము వంచి ముందునకు ఒరిగి, చప్పట్లు చరచి, మరల నిటారుగా లేచి, అడుగు ప్రక్కకు వేయుచు వలయమును త్రిప్పుదురు. డప్పు, నగారా మ్రోగవచ్చును, కంచుపళ్లెముపై తాళము పడవచ్చును. ఏవియు లేకున్నను కాలి యందెలు, గాజులు, గవ్వలు చాలును. నీరు తోడుట, నారు నాటుట, కోత కోయుట మున్నగు పనుల కదలికలు ఆ వంగుటలో, లేచుటలో ఇమిడి యున్నవి.

శ్రావణమాసమున వచ్చు తీజ్ పండుగ కన్నెపిల్లలది. వారు చిన్న బుట్టలలో మట్టి, ఎరువు నింపి గోధుమలు చల్లి, తొమ్మిది దినములు నీరు పోసి పెంచుదురు. ప్రతిసాయంకాలము ఆ బుట్టల చుట్టు పాడుచు ఆడుదురు. మొలక ఎంత పచ్చగా నున్న నంత శుభమని నమ్మకము. కడపటి దినమున మొలకలను పెద్దల కిచ్చి, ఆశీర్వచనములు పొంది, మిగిలిన దానిని వాగులోనో చెరువులోనో కలుపుదురు. ఆ సాగనంపులో పిల్లలు కన్నీరు పెట్టుదురు. తాము పెంచినది నీటిపాలగుట వలన మాత్రమే కాదు, మరుసటి యేటికి తమలో నెవరు పుట్టింట నుందురో, ఎవరు పోవుదురో తెలియదు గనుక. మన ఊళ్లలో జొన్న, సజ్జ పండును గాని గోధుమ సేద్యము అరుదు. అయినను బుట్టలో గోధుమయే మొలచుచున్నది. ఆ గింజ ఏ దేశమునుండి వచ్చినదో చెప్పుటకు తామ్రశాసన మక్కరలేదు.

వివాహమునందు ఇంకొక విశేషము కలదు. పెండ్లికూతురు ధావ్లో యను దుఃఖగీతములు పాడును. అవి అప్పటికప్పుడు పొంగివచ్చు ఏడుపు మాత్రమే కావు. పెద్దముత్తైదువలు ముందుగా రాత్రులయందు కూర్చుండబెట్టి నేర్పించు పాటలు. తండ్రి యిల్లు, అన్నదమ్ములు, తోడి పిల్లలు, పశువుల కొట్టము ఒక్కొక్కటి పేరు పేరున తలచుకొని, ఒక్కొక్కరిని కౌగిలించుకొని పాడవలెను. అత్తవారింటికి కదలునపుడు ఆమెను ఎద్దుపై నిలుపుదురు. ఆ యెద్దు పైనుండి ఆమె తండ్రి తండా చల్లగా నుండవలెనని దీవించుచు హవేలీ యను పాట పాడును. బాటపై ఎద్దుల వరుసలు అంతరించి నూరేండ్లు దాటినను పాటలో ఎద్దు నిలిచినది. రైలు దానిని అక్కడనుండి దింపలేకపోయినది. చరిత్ర యనగా ఇదియే కదా!

ఫాల్గుణమున హోళీకి లెంగీ పాటలు పాడి స్త్రీపురుషులు ఆడుదురు. పశువుల క్షేమమునకై సీతళాదేవిని కొలుచునపుడు వేరు పాటలు. ఇట్లు సంవత్సరచక్రము, జీవితచక్రము ఆ వలయములో తిరుగుచుండును. తల్లి ప్రక్కన కూతురు, అవ్వ ప్రక్కన మనుమరాలు నిలుచుటచేత అది పాఠశాలయు నైనది. ఎవరును గురువుగా వేరుగా కూర్చుండరు. అడుగు తప్పినచో ప్రక్కనున్న చేయి సరిదిద్దును.

పూర్వగ్రంథములలో జనుల ఆట

మన పూర్వులు ఇట్టి ఆటలను చిన్నచూపు చూచిరనుట సత్యము కాదు. హరివంశమునందు గోపికల హల్లీసకము కలదు. స్త్రీలు మండలాకారముగ నాడు నృత్యము అది. తెలుగున ఎఱ్ఱాప్రగడ హరివంశమును, పోతన భాగవత దశమస్కంధమును చదివినవారికి రాసక్రీడ సుపరిచితము. కాకతి గణపతిదేవుని గజసాహిణియైన జాయపసేనాని 1253–54 ప్రాంతమున సంస్కృతమున రచించిన నృత్తరత్నావళిలో ఎనిమిది అధ్యాయములు కలవు. వానిలో సగము మార్గనృత్తమునకు కేటాయించి, తక్కిన సగము దేశినృత్తమునకు ఇచ్చినాడు. రాసకము, చర్చరి, చిందు, కోలాటము మున్నగు జనుల ఆటలను ఆ సేనాపతి శాస్త్రగౌరవముతో వర్ణించెను. ఆ గ్రంథమును రాయలసీమకు చెందిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు తెలుగు చేసిరి. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోని పర్వతప్రకరణమున శివరాత్రికి శ్రీశైలము చేరిన భక్తుల ఆటపాటలను కన్నులకు కట్టించెను.

అయితే ఒక లోపము కనబడుచున్నది. ఆటల పేర్లు మిగిలినవి, ఆడిన స్త్రీల పేర్లు మిగులలేదు. శ్రీశైలమున మల్లన్న చెంచులకు అల్లుడయ్యెనని, అహోబిలమున నరసింహుడు చెంచులక్ష్మిని పెండ్లాడెనని భక్తితో చెప్పుకొందుము. ఆ నల్లమల చెంచెతల నోట ఆ కథ ఎట్లు నడచుచున్నదో విన్నవారు ఎందరు? కథ మనము తీసికొంటిమి. కథకురాలిని విడిచితిమి. సుగాలి స్త్రీల విషయమునను అదే పొరపాటు జరుగకుండ చూచుకొనవలెను.

వేదిక

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత జానపదకళలకు ప్రభుత్వాదరణ లభించినది. 1953లో ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ ప్రారంభమైనది. గణతంత్ర దినోత్సవములతో బాటు జానపద నృత్యోత్సవములును ఆ కాలముననే మొదలైనవి. లంబాడీ నృత్యము తండా విడిచి పట్టణము చేరినది. నేడు మంత్రి వచ్చినను, ఉత్సవము జరిగినను, ఊరేగింపు ముందు అద్దాల లంగాలు మెరయవలసినదే.

దీనివలన మేలు లేకపోలేదు. అనుమానముతో చూచిన కన్నులే మెచ్చుకోలుతో చూచినవి. ఆడినవారికి కొంత ధనము, కొంత గౌరవము దక్కినవి. బయటిలోకమును చూచిన స్త్రీ తన కుమార్తెను బడికి పంపుటకు ధైర్యము తెచ్చుకొన్నది. కాని మూడు మార్పులు జరిగినవి. వానిని గమనింపవలెను.

మొదటిది, తండాలో స్త్రీలు ఒకరి మొగము ఒకరు చూచుకొనుచు ఆడుదురు. వేదికపై వలయము వరుసగా మారి, అందరును ప్రేక్షకుల వైపు తిరిగినారు. రెండవది, రాత్రియంతయు సాగవలసిన పాటకు అయిదు నిమిషములే యిచ్చినారు. కథ నడుమనే తెగినది. మూడవది, పాట స్థానమున ధ్వనిపెట్టెలో పెట్టిన వాద్యము వచ్చినది. పాట పోయిన పిమ్మట మిగులునది కదలిక మాత్రమే. అక్షరములు చెరిపివేసి అట్టకు రంగు వేసిన పుస్తకమువంటిది అది. అట్ట అందముగనే యుండును.

వేషమునకును ఇదే గతి పట్టుచున్నది. ఒక పేటియ కుట్టుటకు మాసములు పట్టును. నిత్యము చీర ధరించు నేటి యువతులు ఆటనాడు అద్దె వేషము ధరించుట పలుచోట్ల ఆచారమైనది. వారిని తప్పు పట్టరాదు. బరువైన ఆ దుస్తులతో ఎండలో కూలిపని చేయుమని చెప్పుటకు ఎవరికిని అధికారము లేదు.

అంతకంటె పెద్దది వలస. వానలు తప్పిన యేడు ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, కౌతాళము ప్రాంతముల పల్లెలనుండి కుటుంబములు కుటుంబములే గుంటూరు వైపు మిరపకోతలకు తరలిపోవుట అందరెరిగినదే. తండాలకును ఈ బాధ తప్పలేదు. మిరపకోతలు ముమ్మరముగా సాగు దినములలోనే హోళీ వచ్చును. లెంగీ పాడవలసిన గొంతులు మిరపచేలలో నుండును. ఒకనాడు ధాన్యము మోసికొని దేశమునకు అన్నము పెట్టుచు తిరిగినవారు, నేడు అన్నమునకై తిరుగుచున్నారు. మునుపటి ప్రయాణములో తండాయంతయు కలిసి నడచినది గనుక పాటయు నడచినది. ఈ ప్రయాణములో తండా ముక్కలగుచున్నది. అవ్వ ఇంట, తల్లి చేలో, పిల్ల వసతిగృహములో నున్న యెడల వలయము నెవరు పూర్తిచేయుదురు?

దేశాంతరములలో

ఇట్టి సంకటము సుగాలీలకే వచ్చినది కాదు. అమెరికాలోని ఆదివాసుల నృత్యములపై 1883నుండి ప్రభుత్వము నిషేధములు విధించినది. 1934 వరకు అవి ఏదో యొక రూపమున సాగినవి. 1918లో విషజ్వరము లోకమును చుట్టిన కాలమున ఒజిబ్వే జాతివారిలో ఒక నృత్యము పుట్టినది. వ్యాధిగ్రస్తయైన కూతురి కొరకు ఒక తండ్రి కలలో ఆ వేషమును, ఆటను చూచెనని వారి కథ. లోహపు గొట్టములు వరుసగా కుట్టిన ఆ దుస్తులతో స్త్రీలు అడుగు వేసినపుడు గలగల శబ్దము పుట్టును. అది రోగమును మాన్పు నాట్యమని వారు భావింతురు. నిషేధములు పోయినవి, ఆట నిలిచినది. నూరేండ్ల క్రిందటి ఆ మహమ్మారి కథను నేటికిని ఆ స్త్రీల దుస్తులే చెప్పుచున్నవి.

హవాయి దీవులలో కథలను, వంశావళులను పాటతో, చేతుల అభినయముతో చెప్పు హులా అను నృత్యము కలదు. 1830లో రాణి కాహుమాను బహిరంగముగా దాని నాడరాదని శాసించెను. 1874నుండి 1891 వరకు పాలించిన కలాకౌవా రాజు దానిని మరల ఆస్థానమునకు తెచ్చెను. ఆయన స్మృతిగా హిలో పట్టణమున 1963లో ప్రారంభమైన ఉత్సవము నేటికిని జరుగుచున్నది. ఆస్ట్రేలియాలో 1989లో స్థాపితమైన బంగారా నృత్యసంస్థ ఆదివాసుల గాథలను నవీన నృత్యరూపమున ప్రదర్శించుచున్నది. మిర్నింగ్ జాతికి చెందిన ఫ్రాన్సెస్ రింగ్స్ అను స్త్రీ 2012లో ఒక మహాసరస్సును గూర్చి ‘టెరైన్’ అను నృత్యమును కూర్చి, 2023నుండి ఆ సంస్థకు కళాధ్యక్షురాలైనది.

ఈ మూడు ఉదాహరణములలో సామాన్యధర్మ మొకటి కలదు. ఆట మారినది, వేదిక మారినది, దుస్తులు సైతము మారినవి. కాని కథ చెప్పు అధికారము ఆ జనుల చేతినుండి జారలేదు. ఏమి చెప్పవలెనో, ఎవరు నేర్పవలెనో, ఏది బయటివారికి చూపరాదో వారే నిర్ణయించుకొనుచున్నారు. మార్పు వలన కళ చావదు. యజమాని మారినపుడు చచ్చును.

మన దేశమునను శుభసూచనలు లేకపోలేదు. బళ్లారి పొరుగున సండూరులో లంబాణీ స్త్రీలు సంఘముగా కూడి తమ కుట్టుపనిని జీవనాధారముగా మార్చుకొనిరి. దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. 2023 జూలైలో హంపీలో జి–20 సమావేశము జరిగినపుడు 450 మందికి పైగా లంబాణీ స్త్రీలు చేసిన 1,755 వస్తువుల ప్రదర్శనము గిన్నిస్ గ్రంథమున కెక్కినది. గుత్తి మండలము బసినేపల్లి తండాలో పుట్టిన మంగ్లీ తిరుపతిలో సంగీతము నేర్చి, తెలుగు జానపదములతో బాటు తన భాషలోని పాటలను లక్షలమందికి వినిపించుచున్నది. తెలంగాణమునకు చెందిన కేతావత్ సోమ్‌లాల్ భగవద్గీతను లంబాడీ భాషలోనికి తెచ్చి తెలుగు లిపిలో వ్రాసినందుకు 2024లో పద్మశ్రీ పొందెను. లిపి లేదన్న కొరత తీరని కొరత కాదని దీనివలన స్పష్టమగుచున్నది.

గ్రంథాలయ కర్తవ్యము

ఎమ్మిగనూరు పట్టణమే మనకు మంచి పాఠము చెప్పుచున్నది. 1938లో మాచాని సోమప్పగారు చేనేతవారి సహకార సంఘమును స్థాపింపనిచో ఆ మగ్గములలో ఎన్ని నిలిచి యుండెడివో చెప్పజాలము. 1954లో ప్రభుత్వము ఆయనను పద్మశ్రీతో గౌరవించినది. కళ నిలుచుటకు మెచ్చుకోలు చాలదు, కూలి కూడ గిట్టవలెను. నృత్యమునకును ఇదే న్యాయము వర్తించును. సుగాలి స్త్రీలను ఉత్సవమునకు పిలిచి, ఎండలో నిలిపి, చివర పులిహోర పొట్లము చేతబెట్టి పంపుట మర్యాద కాదు. తక్కిన విద్వాంసులకు వలెనే వారికిని ఆసనము, సంభావన, పేరు పేరున పరిచయము జరుగవలెను.

గ్రంథాలయము చేయదగిన పని వేరొకటి కలదు. ఆంధ్రదేశమున 1914లో గ్రంథాలయ సంఘము వెలసిన నాటినుండి మన పెద్దలు పుస్తకమును పాఠకుని యింటికి చేర్చుటకు పడిన పాట్లు ప్రసిద్ధములు. కృష్ణాతీరమున 1935లో పాతూరి నాగభూషణముగారు పడవపై గ్రంథాలయమును నడిపిరి. పుస్తకము పడవ యెక్కి జనుల వద్దకు పోగలిగినప్పుడు, జనుల నోటనున్న పుస్తకము గ్రంథాలయమునకు రాలేదా?

చదువుకొన్న సుగాలి బాలికలు నేడు ఊరూర నున్నారు. వారు సెలవులలో తమ అవ్వల వద్ద కూర్చుండి తీజ్ పాటలను, ధావ్లోలను తెలుగు లిపిలో వ్రాసికొని, ప్రక్కన తెలుగు తాత్పర్యము చేర్చి, పాడిన స్త్రీ పేరు, తండా పేరు, తేదీ వేసి యుంచినచో, అది ఏ తాళపత్రమునకును తీసిపోని నిధి యగును. గ్రంథాలయము ఒక బీరువాను, మంచి కాగితపు పుస్తకములను సమకూర్పవలెను. నేటి చేతి యంత్రములలో కంఠధ్వనిని, అడుగుల తీరును సైతము భద్రపరచుట సులభము. అయితే పాడినవారి సమ్మతి లేనిదే దేనిని బయట పెట్టరాదు. వారు దాచుకొనదలచిన పాటను దాచుకొననీయవలెను. వార్షికోత్సవమున ఆట జరిగినచో, ఆటకు ముందు ఆ స్త్రీలలో ఒకరు లేచి తమ మాటలలో ఆ పాట కథ చెప్పవలెను. అయిదు నిమిషములు కాదు, పాట ముగియువరకు ఆడనీయవలెను. సాధ్యమైనచో వేదికను విడిచి నేలమీదనే, వలయముగనే ఆడనీయవలెను.

బడి, వసతిగృహము బాలికలకు వరములు. వానిని నిందించుట అవివేకము. చదువు వచ్చిన పిల్ల పాట మరచుట విధి కాదు. అక్షరము నేర్చినవారే అక్షరము లేని పాటను కాపాడగలరు. కాని అందుకు కాలవ్యవధి ఎక్కువ లేదు. పుస్తకము పాతబడినచో మరల అచ్చు వేయవచ్చును. అవ్వ పోయిన తరువాత ఆమె పాటకు రెండవ ముద్రణము లేదు.

ఈ గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినవి. బీరువాలలో రాజుల చరిత్రలు చాల చేరినవి. ఆ రాజుల సేనలకు గింజలు మోసినవారి చరిత్ర ఇంకను తండాలలో, స్త్రీల పాదములయందు, కంఠములయందు ఉన్నది. స్వర్ణోత్సవము నాటికి అదియు ఈ బీరువాలలో, వారి పేర్లతో, చేరి యుండుగాక!